కమాండ్ లైన్ స్క్రిప్టులకు ఏ భాష ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, అనుకోకుండా సర్వర్ల పని నెత్తినపడ్డ టెస్టర్లు, ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు నన్ను అడిగే సందేహాలు ఏళ్ళ తరబడి ఇంచుమించు అవే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తుంటే ప్రతిసారీ ఏదో ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తున్నాను. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. వరసగా చదవనక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి నేరుగా వెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

స్క్రిప్టుకీ ప్రోగ్రాముకీ తేడా ఏమిటి?

కచ్చితమైన గీత అంటూ లేదు. టెర్మినల్లో రోజూ చేత్తో కొట్టే కమాండ్లను ఒక ఫైల్లో రాసి, దానికో పేరు పెట్టి నడిపిస్తే దాన్ని స్క్రిప్టు అంటున్నాం. దానికి బటన్లు, మెనూలు ఉండవు. ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, ఫైళ్ళు చదువుతుంది, టెక్స్టు బయటికి పంపుతుంది, చివర్లో ఒక అంకె ఇచ్చి ముగుస్తుంది. ఆ అంకె సున్నా అయితే పని అయినట్టు, 1 నుంచి 255 దాకా ఇంకేదైనా వస్తే కానట్టు. ఏ భాషలో రాసినా ఈ ఒప్పందం మారదు. అందువల్లే ఒకే పనిలో షెల్ (టెర్మినల్లో కొట్టిన కమాండ్లను చదివి నడిపేది, మనం ఎక్కువగా వాడేది బాష్), ఆక్ (కాలమ్‌లుగా ఉన్న టెక్స్టుతో పనిచేసే చిన్న భాష), పైథాన్ మూడూ ఒకదాని చేతికి ఒకటి అందించుకుంటూ నడుస్తాయి. భాష ఎంపిక గురించి మరీ బెంగపడనక్కర్లేదని నేను చెప్పేది కూడా ఇందుకే. ఒక ముక్క ఒక భాషలో, ఇంకో ముక్క ఇంకో భాషలో ఉన్నా నష్టం లేదు.

ఒక్క భాషే నేర్చుకునే తీరిక ఉంది. ఏది నేర్చుకోమంటారు?

పైథాన్. ఆర్గ్యుమెంట్లు చదవడం, ఫైళ్ళ దారులు చూసుకోవడం, సీఎస్‌వీ, జేసన్, తేదీలు, ఎస్‌క్యూలైట్ అన్నీ దాంతోపాటే వస్తాయి, బయటినుంచి ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. కాకపోతే షెల్‌ను పూర్తిగా తప్పించుకోలేరు, ఎందుకంటే ఆ పైథాన్ స్క్రిప్టును నడిపించేది కూడా షెల్లే. పైపులు, రీడైరెక్షన్, కొటేషన్లు, ఫర్ లూపు, ఎగ్జిట్ కోడ్ అనే ఐదు విషయాలకు ఓ పదిరోజులు ఇవ్వండి. అంతమాత్రం తెలిసినా పైథాన్‌లో నలభై లైన్లు రాసేచోట ఒక్క లైనుతో పోయే సందర్భాలు మీకే కనిపిస్తాయి.

నాకు జావా బాగా వచ్చు. స్క్రిప్టులు కూడా దాంట్లోనే రాస్తే తప్పేంటి?

తప్పేమీ లేదు. 2018లో వచ్చిన జావా 11 నుంచి ఒకే ఫైల్లో ఉన్న ప్రోగ్రామును విడిగా కంపైల్ చేయకుండా నేరుగా నడపొచ్చు. అయితే నడిపిన ప్రతిసారీ లోపల కంపైలేషన్ జరుగుతుంది, ఆ ఆలస్యం చేతికి తెలుస్తుంది. అవతలి మెషీన్‌లో రన్‌టైమ్ ఒక్కటే ఉంటే చాలదు, కంపైలరుతో సహా వచ్చే పూర్తి జేడీకే ఉండాలి. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే వేరే కమాండును పిలిచి, దాని అవుట్‌పుట్ చదువుకుని, ఇంకోదానికి అందించడానికి జావాలో చాలా తంతు ఉంటుంది. స్క్రిప్టుల్లో సగం పని అదే కదా. మీ కంపెనీ కోడంతా జావాలోనే ఉండి, అందులోని క్లాసులే స్క్రిప్టుకూ కావాలంటే మాత్రం నిస్సంకోచంగా జావాలోనే రాయండి.

విండోస్ లాప్‌టాప్ మాత్రమే ఉంది. లినక్స్ లేకుండా నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. విండోస్‌లో లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2016 నుంచి ఉంది. దాన్ని పెట్టుకుంటే ఉబుంటు మీ విండోస్ లోపలే తెరుచుకుంటుంది. మెమరీ తక్కువైతే గిట్ బాష్‌తో మొదలుపెట్టినా పర్వాలేదు. ఒక్క జాగ్రత్త: డబ్ల్యూఎస్ఎల్ వాడేటప్పుడు మీ ఫైళ్ళను లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్లోనే పెట్టుకోండి. విండోస్ సీ డ్రైవులో పెట్టి లినక్స్ వైపునుంచి తెరిస్తే బాగా నెమ్మదిస్తుంది.

## భాష ఎంచుకునేటప్పుడు

బాష్ ఎక్కడ ఆపాలి, పైథాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మీ స్క్రిప్టు ఏం చేయాలో ఒక వాక్యంలో రాసుకుని చూడండి. "డేటాబేసు డంపు తీసి, కుదించి, ఇంకో సర్వర్‌కి పంపి, 30 రోజులు దాటినవి తీసెయ్యాలి" అని వచ్చిందనుకోండి. అందులోని ప్రతి క్రియకూ ఇప్పటికే ఒక కమాండు ఉంది. మీరు చేయాల్సింది వాటిని వరసలో పెట్టడమే. ఇది షెల్ పని, పదిహేను లైన్లలో అయిపోతుంది. అదే పైథాన్‌లో రాస్తే ప్రతి కమాండునూ లిస్టుగా విడగొట్టి పిలవాలి, చదివేవాడికి అసలు పని కనిపించదు.

అలాకాక, "జిల్లాలవారీగా వచ్చిన 26 సీఎస్‌వీ ఫైళ్ళు కలిపి, ఒకే మనిషి పేరు రెండుసార్లు ఉంటే తీసేసి, మండలానికి ఇంత అని మొత్తాలు వెయ్యాలి" అని వచ్చిందనుకోండి. ఇక్కడ కమాండ్ల కన్నా డేటాతోనే పని ఎక్కువ. షెల్ దీన్ని లైన్లుగా, ఖాళీలతో విడిపోయే ముక్కలుగా మాత్రమే చూడగలదు. ఒక గడిలో "తెనాలి, గుంటూరు జిల్లా" అని కొటేషన్ల మధ్య కామా వచ్చిందంటే కట్ కమాండు దాన్ని రెండు గడులుగా కోసేస్తుంది. పైగా ఎర్రరేమీ రాదు, మొత్తాలు తప్పుగా వస్తాయంతే. పైథాన్ సీఎస్‌వీ మాడ్యూలుకు ఆ కామా సంగతి తెలుసు.

రాస్తూ ఉండగా పైథాన్‌కి మారాలని చెప్పే సూచనలు కొన్ని ఉంటాయి. దశాంశ లెక్కలు కావాల్సి రావడం మొదటిది. బాష్‌కి పూర్ణాంకాలే తెలుసు, 7ను 2తో భాగిస్తే 3 అంటుంది. జేసన్‌ను లోతుగా తవ్వాల్సి రావడం, జాబితాలో జాబితా అవసరపడటం, కొటేషన్ లోపల కొటేషన్ లోపల కొటేషన్ రావడం మిగతావి. గూగుల్ తన ఇంజనీర్లకు రాసుకున్న షెల్ నియమావళిలో 100 లైన్లు దాటినా, కంట్రోల్ ఫ్లో మెలికలు తిరిగినా వేరే భాషలో తిరగరాయమంటుంది. నేను లైన్లు లెక్కపెట్టను. స్క్రిప్టులో రెండో ఫంక్షన్ రాయబోతుంటే ఆగి ఆలోచిస్తాను.

పెర్ల్ పని అయిపోయినట్టేనా?

మీ సర్వర్‌లో ఇప్పటికీ అది ఉంది, ఒకసారి చూడండి. లారీ వాల్ 1987లో విడుదల చేసిన ఈ భాష డెబియన్ కుటుంబపు లినక్స్‌లలో తప్పనిసరి ప్యాకేజీల్లో ఒకటి. టెక్స్టులో వెతకడం, మార్చడం దానికి వెన్నతో పెట్టిన విద్య. ఈనాటి భాషలన్నిటిలో కనిపించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల తీరు చాలావరకు పెర్ల్ దగ్గర నేర్చుకున్నదే. టెర్మినల్లో ఒక్క లైనుతో వంద ఫైళ్ళలో ఒక మాట మార్చడానికి నేను ఇవాళ్టికీ దాన్నే వాడతాను. కొత్తగా పెద్ద స్క్రిప్టు రాయమంటే మాత్రం పెర్ల్ వద్దంటాను. లోపం భాషలో లేదు. మీ తర్వాత ఆ ఫైలు తెరిచేవాళ్ళలో పెర్ల్ చదవగలిగినవాళ్ళు తక్కువైపోయారు.

ఆక్, సెడ్ ఇప్పటికీ నేర్చుకోవాలా?

ఆక్ తప్పకుండా నేర్చుకోండి, ఒక మధ్యాహ్నం చాలు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ కలిసి చేశారు, వాళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. లాగ్ ఫైల్లో ఏడో కాలమ్ విలువలు కూడాలి, ఏ ఐపీ అడ్రసు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి అంటే దానికి మించింది లేదు. సెడ్‌లో ఒక మాటను ఇంకో మాటగా మార్చడం వరకు వస్తే సరిపోతుంది.

మా ఆఫీసులో అన్నీ విండోస్ సర్వర్లే. పవర్‌షెల్ చాలా, పైథాన్ కూడా కావాలా?

పవర్‌షెల్‌తోనే మొదలుపెట్టండి. 2006లో వచ్చింది, 2016లో ఓపెన్ సోర్స్ అయి లినక్స్‌కీ మ్యాక్‌కీ కూడా వెళ్ళింది. దాని గొప్పతనం పైపులో ఉంది. బాష్‌లో పైపు గుండా టెక్స్టు వెళ్తుంది, పవర్‌షెల్‌లో వస్తువులే వెళ్తాయి. నడుస్తున్న ప్రాసెసుల జాబితా తీసి మెమరీ ప్రకారం పేర్చమంటే కాలమ్ ఎక్కడ మొదలైందో లెక్కపెట్టనక్కర్లేదు, ఆ గుణం పేరు చెబితే చాలు. యాక్టివ్ డైరెక్టరీ, సర్వీసులు, రిజిస్ట్రీ లాంటి విండోస్ పనులకు పైథాన్‌లో తిప్పలు పడాల్సిన అవసరమే ఉండదు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. విండోస్ 10, 11లతో వచ్చేది 5.1 వెర్షను, కొత్తదైన 7ను విడిగా పెట్టుకోవాలి. రెండింటికీ తేడాలున్నాయి కాబట్టి సర్వర్‌లో ఏదుందో ముందే చూసుకోండి. ఇక మామూలు విండోస్ మెషీన్‌లో స్క్రిప్టు ఫైళ్ళు నడవకుండా ఎగ్జిక్యూషన్ పాలసీ అడ్డుపడుతుంది. అది మీ కోడులోని తప్పేమో అని కంగారుపడకండి.

రూబీ, నోడ్ వద్దా?

మీ టీమంతా జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళయితే నోడ్ మంచిదే. షెల్ కమాండ్లను తేలిగ్గా పిలిచేందుకు గూగుల్ వాళ్ళ జెడ్ఎక్స్ అనే లైబ్రరీ కూడా ఉంది. రూబీ చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ ఇప్పుడు కొత్త సర్వర్లలో అది ముందుగానే ఉంటుందని నమ్మలేం.

చిన్న టూలు కోసం గో, రస్ట్ అంటే మరీ ఎక్కువ కాదా?

మీ ఒక్కరి మెషీన్‌లో నడిచేదైతే ఎక్కువే. యాభైమందికి పంచాల్సి వచ్చి, వాళ్ళ మెషీన్లలో ఏముందో తెలియనప్పుడు లెక్క మారుతుంది. గోలో కంపైల్ చేస్తే వచ్చేది ఒకే ఫైలు. పైథాన్ ఉందా, ఏ వెర్షను అన్న గొడవ లేదు. మీ లినక్స్ మీద కూర్చునే విండోస్‌కీ మ్యాక్‌కీ కావాల్సిన ఫైళ్ళు తయారుచేయొచ్చు. డాకర్, టెర్రాఫామ్, కుబర్నెటీస్ కమాండ్ లైన్ టూలు అన్నీ గోలోనే రాశారు. రస్ట్‌లో రాసిన రిప్‌గ్రెప్ వేగం చూస్తే ఆ భాష మీద గౌరవం కలుగుతుంది. దీనికి మూల్యం ఒకటుంది. రాత్రి రెండింటికి సర్వర్‌లో ఏదో తేడా వస్తే, షెల్ స్క్రిప్టునైతే అక్కడే తెరిచి ఒక లైను దిద్దొచ్చు, కంపైలైన ఫైలును దిద్దలేరు.

నా బాష్ స్క్రిప్టు చాలా నెమ్మదిగా ఉంది. వేరే భాషలోకి మారిస్తే వేగం పెరుగుతుందా?

ముందు లూపులోకి చూడండి. లక్ష లైన్ల ఫైలును ఒక్కో లైనే చదువుతూ, ప్రతి లైనుకూ సెడ్‌నో కట్‌నో పిలుస్తుంటే మీరు లక్ష ప్రాసెసులు పుట్టిస్తున్నారు. సమయమంతా వాటిని పుట్టించడానికే పోతుంది. ఆ లూపు తీసేసి ఫైలు మొత్తాన్ని ఒక్క ఆక్ కమాండుకు ఇస్తే నిమిషాల పని సెకన్లలో అయిపోతుంది. ఇలా సరిచేశాక కూడా నెమ్మదిగా ఉంటే అప్పుడు భాష గురించి ఆలోచించొచ్చు.

## రాస్తున్నప్పుడు

మధ్యలో ఒక కమాండు ఫెయిలైనా షెల్ స్క్రిప్టు ఆగకుండా ముందుకు వెళ్ళిపోతోంది. ఎందుకు?

షెల్ స్వభావమే అంత. టెర్మినల్లో ఒక కమాండు తప్పు కొడితే టెర్మినల్ మూసుకుపోదు కదా, స్క్రిప్టులోనూ అదే తీరు. ఆపాలని మీరే చెప్పాలి. స్క్రిప్టు మొదట్లో ఎర్రెగ్జిట్, నౌన్‌సెట్, పైప్‌ఫెయిల్ అనే మూడు ఆప్షన్లు పెట్టండి. మొదటిది ఫెయిలైన చోట ఆపుతుంది, రెండోది విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆపుతుంది, మూడోది పైపు మధ్యలో జరిగిన తప్పును దాచకుండా బయటపెడుతుంది.

మొదటి ఆప్షన్ విలువ తెలియాలంటే 2015 జనవరిలో జరిగింది గుర్తుచేసుకోవాలి. లినక్స్ మీద స్టీమ్ అనే గేమ్స్ ప్రోగ్రాము స్టార్టప్ స్క్రిప్టులో, ఫోల్డర్ పేరు కనుక్కునే కమాండు ఫెయిలై, ఆ పేరుండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలిపోయింది. దాని పక్కన ఒక స్లాష్, ఒక నక్షత్రం గుర్తు, ముందు తుడిచేసే కమాండు. వేరియబుల్ ఖాళీ కావడంతో తుడవడం రూట్ ఫోల్డర్ నుంచి మొదలైంది. యూజర్ల సొంత ఫైళ్ళు పోయాయి. పైథాన్‌లో లేని ఫోల్డర్లోకి వెళ్ళబోతే ఎర్రర్ వచ్చి అక్కడే ఆగుతుంది, షెల్ మాత్రం వేరియబుల్‌ను ఖాళీగా వదిలేసి సాగిపోతుంది. తుడిచే పనులున్న స్క్రిప్టుకు భాష ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క తేడా చాలా పెద్దది.

ఎర్రెగ్జిట్ పెట్టాక, టెక్స్టులో మాటలు వెతికే గ్రెప్ కమాండు దగ్గర స్క్రిప్టు ఆగిపోతే ఆశ్చర్యపోకండి. వెతికిన మాట దొరక్కపోతే గ్రెప్ 1 ఇస్తుంది, అంటే షెల్ దృష్టిలో ఫెయిలైనట్టే. దొరక్కపోవడం మీకు సమ్మతమే అయితే ఆ గ్రెప్‌ను ఇఫ్ షరతులో పెట్టండి, అక్కడ ఎర్రెగ్జిట్ వర్తించదు.

వేరియబుల్ చుట్టూ కొటేషన్లు ఎప్పుడు పెట్టాలి?

ఎప్పుడూ. డబుల్ కోట్స్ పెట్టకపోతే షెల్ ఆ విలువను ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది, నక్షత్రం గుర్తులుంటే ఫైళ్ళ పేర్లుగా విప్పుతుంది. "పెళ్ళి ఫోటోలు" అనే ఫోల్డరును తుడవమంటే "పెళ్ళి" ఒకటి, "ఫోటోలు" ఒకటి అని రెండు ఫోల్డర్ల కోసం వెతుకుతుంది. యూనిక్స్ ఫైలు పేరులో స్లాష్, సున్నా బైటు తప్ప ఏదైనా ఉండొచ్చు, కొత్త లైను కూడా. ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి షెల్‌చెక్ అనే ఉచిత టూలు పెట్టుకోండి. ఇలాంటి తప్పులు పట్టుకుని, ఎందుకు తప్పో కూడా చెబుతుంది. బాష్ రాసే ప్రతివాళ్ళకూ నేను మొదట చెప్పే సలహా ఇది.

జనవరి నుంచి బాగా నడిచిన స్క్రిప్టు ఆగస్టు 1న ఆగిపోయింది. కోడు ఎవరూ ముట్టుకోలేదు!

నెల అంకెతో లెక్క చేస్తున్నారా? బాష్‌లో సున్నాతో మొదలయ్యే అంకెను అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. అందులో 0 నుంచి 7 దాకానే అంకెలు. 01 నుంచి 07 దాకా ఏ ఇబ్బందీ లేదు, 08 రాగానే చెల్లని అంకె అంటుంది. సెప్టెంబరంతా కూడా అంతే, అక్టోబరులో 10 రాగానే దానంతటదే బాగైపోతుంది. ప్రతి నెలా 8, 9 తేదీల్లో మాత్రమే చెడిపోయే స్క్రిప్టులకూ కారణం ఇదే. అంకెకు ముందు 10# అని పెడితే దశాంశ పద్ధతిలోనే చదువుతుంది. పైథాన్‌లో "08" అనే టెక్స్టును పూర్ణాంకంగా మారిస్తే మామూలుగా 8 వస్తుంది.

పైథాన్ నుంచి వేరే కమాండ్లు పిలవడానికి ఓఎస్ డాట్ సిస్టమ్ చాలదా?

నడుస్తుంది గానీ వాడకండి. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుంచి సబ్‌ప్రాసెస్ డాట్ రన్ ఉంది. కమాండునూ ఆర్గ్యుమెంట్లనూ లిస్టుగా ఇవ్వండి, చెక్ అనే ఆప్షన్‌ను ట్రూ చేయండి. ఫెయిలైతే ఎక్సెప్షన్ వస్తుంది. లిస్టుగా ఇస్తే మధ్యలో షెల్ రాదు, కాబట్టి ఫైలు పేరులో ఖాళీ ఉన్నా, సెమీకోలన్ పక్కన ఎవరైనా ఇంకో కమాండు ఇరికించినా ప్రమాదం లేదు. షెల్ ఈక్వల్ టు ట్రూ పెట్టి, బయటినుంచి వచ్చిన టెక్స్టును అందులో అతికించడం మాత్రం తలుపు తీసిపెట్టడమే.

పాస్‌వర్డ్‌ను ఆర్గ్యుమెంటుగా ఇవ్వొచ్చా?

వద్దు. స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ అదే మెషీన్‌లో ఉన్న వేరే యూజర్లకు ప్రాసెసుల జాబితాలో అది కనిపించే అవకాశముంది, మీ షెల్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది. మీరు మాత్రమే చదవగలిగే ఫైలులో పెట్టి, అక్కడినుంచి చదివించండి.

## తెలుగు ఫైళ్ళతో పని ఉన్నప్పుడు

"తెలుగు" అనే మాట పొడవు ఒక భాషలో 18, ఇంకో భాషలో 6 వస్తోంది. ఏది సరైనది?

రెండూ సరైనవే, కొలిచేది వేరు. యూటీఎఫ్-8లో మన ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. గో, రస్ట్ భాషల్లో స్ట్రింగు పొడవు అడిగితే బైట్లు చెబుతాయి. పైథాన్, జావాస్క్రిప్ట్ 6 అంటాయి. బాష్ అయితే లొకేల్ (మెషీన్‌లోని భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగు) యూటీఎఫ్-8 అయినప్పుడు 6, కాకపోతే 18. అందుకే టెర్మినల్లో ఒకలా, చెప్పిన వేళకు స్క్రిప్టులను దానంతటదే నడిపే క్రాన్‌లో ఇంకోలా వస్తుంది.

చదివే మనిషికి కావాల్సిన జవాబు మాత్రం 3: తె, లు, గు. "స్త్రీ" అన్న మాటలో కూడా సంకేతాలు ఆరే, అక్షరం ఒక్కటే. ఇలా అక్షరాలుగా విడగొట్టడానికి పెర్ల్ సొంతంగా, పైథాన్ రెజెక్స్ అనే అదనపు లైబ్రరీతో సాయం చేస్తాయి. కాకపోతే సంయుక్తాక్షరాలను విరగ్గొట్టకుండా ఒకటిగా చూడాలన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లోనే చేరింది. అంతకన్నా పాత వెర్షన్లు "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తాయి. పదకేళీలు, అంత్యాక్షరి లాంటి వాటికి స్క్రిప్టు రాసేటప్పుడు ముందు ఈ ఒక్క మాటతో పరీక్షించుకోండి.

జాబితాలో "హైదరాబాద్" రెండుసార్లు వస్తోంది. డూప్లికేట్లు తీసేసినా పోవట్లేదు.

ఒకదాని చివర కంటికి కనిపించని సంకేతం ఉండి ఉంటుంది. "హైదరాబాద్‌లో" అని టైపు చేసేటప్పుడు ద్, ల కలిసి ఒత్తుగా మారకుండా కీబోర్డు వాటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది. తర్వాత ఎవరో "లో" తీసేస్తారు, ఆ సంకేతం మిగిలిపోతుంది. చూడటానికి రెండు మాటలూ ఒకటే, కంప్యూటరుకు వేరు. సార్ట్, యూనిక్, గ్రెప్ లాంటివి ఆ సంకేతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి కనుక తప్పు వాటిది కాదు. పోల్చేముందు మాట చివరనున్న ఆ సంకేతాన్ని పైథాన్‌లో తీసేయండి, దాని నంబరు 200సి. ఫైలంతా తుడిచేయకండి. మాట మధ్యలో దాని అవసరం ఉంది, అది పోతే "లో" కాస్తా ఒత్తుగా మారి మాట రూపమే చెడుతుంది.

పైథాన్ స్క్రిప్టు లినక్స్‌లో బాగానే ఉంది. విండోస్‌లో తెలుగు ఫైలు తెరవగానే యూనికోడ్ ఎర్రర్!

ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్ మీద పైథాన్ ఆ మెషీన్ పాత కోడ్ పేజీని, చాలాచోట్ల 1252ను, వాడుకుంటుంది. మన కొమ్ముకూ పొల్లుకూ ఉన్న చివరి బైట్లకు ఆ పట్టికలో అక్షరమే లేదు. ఆ రెండూ లేకుండా తెలుగు వాక్యం ఎక్కడుంటుంది? అందుకే మొదటి లైనులోనే ఆగిపోతుంది. ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి, లినక్స్‌లో అవసరం లేదనిపించినా సరే.

మీరు రాసిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తున్నాయంటే, రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ ఇవ్వండి. ఫైలు మొదట్లో చేరే చిన్న గుర్తును చూసి ఎక్సెల్ సరిగ్గా చదువుతుంది. పవర్‌షెల్ 5.1లో అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్ళిస్తే అది యూటీఎఫ్-16గా రాస్తుంది, 7లో యూటీఎఫ్-8గా. తెలుగు డేటాతో పని ఉంటే 7కు మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

టెర్మినల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి. డేటా పాడైందా?

చాలావరకు కాదు. టెర్మినల్ ప్రతి సంకేతాన్నీ సమానమైన గళ్ళలో ఇరికించాలని చూస్తుంది, తెలుగు లిపి అందులో ఇమడదు. అదే ఫైలును ఎడిటరులో తెరిచి చూడండి.

## వేరే మెషీన్‌కి పంపేటప్పుడు

నా మ్యాక్‌లో నడిచే స్క్రిప్టు సర్వర్‌లో నడవట్లేదు. రెండింటిలో బాష్ ఉందిగా?

మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది. తర్వాతి వెర్షన్ల లైసెన్సు మారడంతో ఆపిల్ వాటిని తీసుకోలేదు, 2019 నుంచి టెర్మినల్లో జెడ్‌షెల్‌ను ముందుంచింది. పేర్లతో వెతుక్కునే అసోసియేటివ్ అర్రేలు బాష్ 4లో వచ్చాయి కాబట్టి మ్యాక్‌లో అవి పనిచేయవు. సెడ్, డేట్ లాంటి కమాండ్ల ఆప్షన్లు కూడా మ్యాక్‌లో వేరు, లినక్స్‌లో వేరు. లినక్స్‌లలోనూ తేడాలున్నాయి. ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే ఇంకో షెల్. కంటైనర్లలో ఎక్కువగా వాడే ఆల్పైన్‌లో బాష్ మొదట్లో ఉండనే ఉండదు. కాబట్టి స్క్రిప్టు మొదటి లైనులో ఏ షెల్ కావాలో స్పష్టంగా రాయండి. మ్యాక్, లినక్స్ రెండింటిలోనూ నడవాల్సిందే అయితే నేను షెల్ వదిలేసి పైథాన్ తీసుకుంటాను.

విండోస్‌లో రాసి లినక్స్‌కి పంపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటోంది.

విండోస్ ఎడిటరు ప్రతి లైను చివరా అదనంగా ఒక క్యారేజ్ రిటర్న్ పెడుతుంది. లినక్స్ దాన్ని కూడా ఇంటర్‌ప్రెటర్ పేరులో భాగమనుకుని, అలాంటి ప్రోగ్రాము లేదంటుంది. డాస్‌టుయూనిక్స్ కమాండుతో ఒకసారి శుభ్రం చేయండి, ఎడిటరులో లైను ముగింపును ఎల్ఎఫ్‌కి మార్చుకోండి.

పిప్‌తో లైబ్రరీ పెడదామంటే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని నిరాకరిస్తోంది.

డెబియన్ 12 లాంటి కొత్త లినక్స్‌లు సిస్టమ్ పైథాన్‌ను అలా కాపాడుకుంటున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత టూళ్ళు దాని మీద ఆధారపడ్డాయి, మీరు పెట్టే లైబ్రరీ వాటిని చెడగొట్టొచ్చు. బలవంతంగా దాటే ఆప్షన్ ఉంది, దాని జోలికి వెళ్ళకండి. మీ స్క్రిప్టుకు విడిగా వెనువ్ (దాని లైబ్రరీలు మాత్రమే ఉండే వేరే ఫోల్డరు) చేసుకోండి. లేదా యూవీ అనే టూలు వాడితే, ఏ లైబ్రరీలు కావాలో స్క్రిప్టు పైభాగంలోనే కామెంటుగా రాసుకోవచ్చు, నడిపేటప్పుడు అదే తెచ్చుకుంటుంది. నలుగురికి పంపే స్క్రిప్టయితే పైథాన్‌తో వచ్చే లైబ్రరీలతోనే సరిపెట్టమంటాను. పది లైన్లు ఎక్కువ రాసినా సరే.

చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే నడవదు. ఎందుకు?

క్రాన్ మీ లాగిన్ సెట్టింగులు చదవదు, కమాండ్ల కోసం వెతికే పాత్‌లో రెండు మూడు ఫోల్డర్లే ఉంటాయి. కమాండ్లకు పూర్తి దారి ఇవ్వండి. క్రాన్‌ట్యాబ్ లైనులో % గుర్తును కొత్త లైనుగా తీసుకుంటుంది, తేదీ ఫార్మాట్లు అక్కడే విరుగుతాయి, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. సమయం కూడా చూసుకోండి. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి, రాత్రి 2 గంటలకు పెట్టిన పని మనకు పొద్దున 7:30కి, అందరూ లాగిన్ అయ్యే వేళకు, మొదలవుతుంది.

## స్క్రిప్టు పాతబడ్డాక

ఎప్పుడో ఎవరో రాసిన 900 లైన్ల బాష్ స్క్రిప్టు నా చేతికొచ్చింది. మొత్తం పైథాన్‌లో తిరగరాయనా?

వెంటనే వద్దు. ఆ 900 లైన్లలో వింతగా కనిపించే ప్రతి ఇఫ్ వెనకా ఒకనాటి రాత్రి జరిగిన ఏదో సంఘటన ఉంటుంది. ముందు గిట్‌లో పెట్టండి. షెల్‌చెక్ నడిపి చెప్పిన తప్పులు దిద్దండి. ఒక నెల ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు దాచిపెట్టుకోండి. ఆ తర్వాత లెక్కలు చేసే ముక్క ఏదో చూసి, దాన్నొక్కదాన్నే పైథాన్ ఫైలుగా విడదీసి, బాష్ నుంచే పిలవండి. దాచుకున్న అవుట్‌పుట్‌తో కొత్తది అక్షరం పొల్లుపోకుండా సరిపోయాకే రెండో ముక్క ముట్టుకోండి. చివరికి బాష్‌లో నలభై లైన్లు మిగలొచ్చు. అవి అక్కడే ఉండనివ్వండి.

పైథాన్ 2 స్క్రిప్టులు ఇంకా నడుస్తున్నాయి. మార్చాల్సిందేనా?

మార్చాల్సిందే. 2020 జనవరి 1తో దానికి మద్దతు ఆగిపోయింది, భద్రతా లోపాలు దొరికినా ఎవరూ దిద్దరు. ప్రింట్ దగ్గర వచ్చే ఎర్రర్లు భయపెట్టేవి కావు, వెంటనే కనిపిస్తాయి. భాగహారాన్ని కనిపెట్టి ఉండండి. పాతదానిలో 7ను 2తో భాగిస్తే 3, కొత్తదానిలో 3.5. ఎర్రర్ రాకుండానే మొత్తాలు మారిపోతాయి.

ఏఐ టూలే స్క్రిప్టు రాసిస్తోంది కదా, ఇక ఏ భాషయితేనేం?

మీరు చదివి అర్థం చేసుకోగల భాషలోనే రాయమని దాన్ని అడగండి. తుడిచే కమాండు, జరిపే కమాండు, పాత ఫైలు మీద కొత్తది రాసే కమాండు ఎక్కడెక్కడ ఉన్నాయో మీ కళ్ళతో వెతకండి. వాటి ముందు ఎకో (కమాండును నడపకుండా తెరమీద చూపించేది) పెట్టి, లేదా పైథాన్‌లో ప్రింట్‌గా మార్చి, ఏయే ఫైళ్ళ మీద చేయబోతోందో ఒకసారి చూడండి. ఆ జాబితా మీరు అనుకున్నట్టే ఉంటే అప్పుడు ఎకో తీసేసి నడపండి.